సోఫాలో సినిమా: మీ ఉత్తరాలు, నా జవాబులు

‘ఈమధ్య ఇంట్లో ఏ సినిమా చూశారు, మళ్ళీ ఏది చూశారు, ఏమనిపించింది?’ అని కిందటి నెల ఒక్క వాక్యం అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సినిమాల సంగతి తక్కువ, ఇంట్లోవాళ్ళ సంగతి ఎక్కువ. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది, సరిగ్గా క్లైమాక్స్‌లో ఎవరు లేచి స్టవ్ కట్టేస్తారు, కథంతా ముందే చెప్పేసే మహానుభావుడు ఎవరు, ఇలాంటివే. నాకేం అభ్యంతరం లేదు. నేనూ సినిమా పండితురాలినేం కాదు, కాస్త ఎక్కువ చూస్తాను, చూశాక నోరు మూసుకుని కూర్చోలేను, అంతే. ఉత్తరాల్లో కొన్నిటిని కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్ర: మనవలు సెలవులకి వచ్చారు. ‘మాయాబజార్’ పెడతానంటే “నలుపు తెలుపా? వద్దు తాతయ్యా” అన్నారు. రంగుల్లోది పెడితే చూస్తారట. నాకది అపచారంలా ఉంది. ఏది పెట్టమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జ: మాస్టారూ, రంగుల్లోదే పెట్టండి. ఈ మాటన్నందుకు నన్ను తిట్టుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. 1957 నాటి సినిమాకి 2010లో రంగులద్దినప్పుడు నేనూ ముక్కు విరిచినదాన్నే. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ అంత కష్టపడి నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న ఛాయలన్నీ పట్టుకుని తెర మీద వెన్నెల కాయిస్తే దాని మీద మళ్ళీ రంగు పుయ్యడమేంటని. తర్వాత మా అక్క మనవడు మా ఇంట్లో ఆ రంగుల బొమ్మే చూశాడు. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే వీడి పళ్ళెంలో ఇడ్లీ ఎండిపోయింది. ఆ ముక్కే మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి చెప్పాపెట్టకుండా నలుపు తెలుపుది పెట్టాను. రెండు నిమిషాలు గొణిగాడు, ఆ తర్వాత రంగు సంగతే మర్చిపోయాడు.

ఇంకో చిట్కా ఉంది. మొదలెట్టేముందే పందెం కాయండి, ఇందులో పాండవులు ఐదుగురూ ఏ సీన్లో కనిపిస్తారో కనిపెట్టినవాళ్ళకి వంద రూపాయలని. పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు. వంద మీ జేబులోనే ఉంటుంది, ఎందుకంటే కె.వి. రెడ్డిగారు పాండవుల్ని సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా చూపించలేదు. సుభద్ర ఉంది, అభిమన్యుడున్నాడు, కౌరవులున్నారు, కృష్ణుడు సరేసరి, అసలు వాళ్ళు మాత్రం లేరు. అయినా లేరన్న సంగతి మనకి తట్టదు. నాకు నలభై ఏళ్ళొచ్చాక ఎవరో చెబితే తెలిసింది, సిగ్గేసింది.

మీ కోసం మాత్రం ఒక మనవి. పిల్లలు పడుకున్నాక మాయా శశిరేఖ వచ్చే భాగం మీరొక్కరే నలుపు తెలుపులో మళ్ళీ చూడండి. ఒంటి మీద ఆడపిల్ల చీర, లోపల ఘటోత్కచుడు. సావిత్రి ఆ రాక్షసుణ్ణి ఒకసారి భుజంలో, ఒకసారి చూపులో, ఒకసారి ఉన్నట్టుండి మారిన నడకలో బయటపెట్టి, పట్టుబడేలోపు మళ్ళీ ముడుచుకుపోతుంది. రంగుల్లో నా కళ్ళు చీర మీదా నగల మీదా తిరుగుతుంటాయి. నలుపు తెలుపులో ఆ మొహం తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండదు.

ప్ర: పాట మొదలైతే చాలు మావారు ముందుకి జరిపేస్తారు. మొన్న ‘సాగర సంగమం’కి కూడా అదే పని చేశారు. అడిగితే “కథ తెలిస్తే చాలదా” అంటారు. ఏం చెయ్యమంటారు?
– గృహిణి, నెల్లూరు

జ: ‘సాగర సంగమం’లో పాటలు తీసేస్తే మిగిలేది ఒక తాగుబోతు, దగ్గు, కొన్ని ఉత్తరాలు. ఆ సినిమాలో కథ నడిచేదే పాటల్లో. తాగిన మనిషి వానలో బావి గట్టు మీద ఆడుతుంటే పడిపోతాడేమోనని జయప్రద మొహంలో కనిపించే భయం దగ్గరే నాకు వాళ్ళిద్దరి మధ్య ఏముందో తెలిసింది, డైలాగుల్లో కాదు. ఇళయరాజాకి ఆ ఏడాది జాతీయ అవార్డు వచ్చింది, బాలుగారికీ అందులో పాటకే వచ్చింది. మీవారు జరిపేసింది సరిగ్గా వాటినే. రేపు ఆయన భోజనంలో పప్పూ కూరా జరిపేసి నేరుగా మజ్జిగన్నం వడ్డించండి, కథ తెలిస్తే చాలు కదా.

ఇప్పటి సినిమాల్లో పాటలు జరిపేస్తే మాత్రం నేనేమీ అనను. కొన్నిటికి నేనూ జరుపుతాను. విదేశాల్లో ఇద్దరూ నాలుగు రకాల కోట్లు మార్చుకుని నడిచే పాటలో మనం పోగొట్టుకునేది ఏమీ లేదు.

ప్ర: నాన్న బలవంతం మీద ‘శంకరాభరణం’ చూశాను. అరగంటకే బోర్ కొట్టింది, దొంగచాటుగా ఫోన్ చూసుకున్నాను. నాన్న గమనించారు, ఏమీ అనలేదు. అప్పట్నుంచీ గిల్టీగా ఉంది. ఆ సినిమా నచ్చకపోతే నాలో ఏదైనా లోపమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మియాపూర్

జ: లోపమేమీ లేదమ్మా. నేను మొదటిసారి ఆ సినిమాకి వెళ్ళింది ఏడేళ్ళప్పుడు, అమ్మ ఒళ్ళో హాయిగా నిద్రపోయాను, లేచేసరికి అందరూ ముక్కులు తుడుచుకుంటున్నారు. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో జనం పలచగానే వచ్చారనీ, చూసినవాళ్ళు చెప్పగా చెప్పగా హాళ్ళు నిండాయనీ ఆ తరంవాళ్ళు చెబుతారు. నమ్మడం కష్టం కాదు. ఒక్కసారి ఆలోచించు, పోస్టరు మీద పేరున్న హీరో లేడు. ఉన్నది డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకుంటున్న జె.వి. సోమయాజులు, జుట్టు నెరిసిన పాత్ర. కథ కర్ణాటక సంగీతం చుట్టూ. ఇప్పుడు ఎవరైనా ఈ కథ పట్టుకుని వెళితే కాఫీ ఇచ్చి పంపించేస్తారు.

నీకు బోర్ కొట్టిన ఆ అరగంటలో మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. హాల్లో అయితే చీకట్లో ఇంకో దారి లేక చూస్తాం. ఇంట్లో చెయ్యి ఫోన్ వైపు వెళుతుంది. ఒకసారి వెళ్ళాక ఇక మనం సినిమా చూడం, వింటాం, అదీ సగమే. అందుకే నచ్చలేదని అప్పుడే తీర్పు చెప్పెయ్యకు, అసలు చూడలేదను. మళ్ళీ చూస్తే చూడు, లేకపోతే లేదు.

నాకు ఆ సినిమాలో ఇప్పటికీ ఒక పేచీ ఉంది. పాశ్చాత్య సంగీతం పాడే కుర్రాళ్ళని రాత్రిపూట శాస్త్రిగారు వచ్చి ఓడించే సీన్ ఉంది చూశావా, అక్కడ ఆ కుర్రాళ్ళకి పాపం సరైన పాటే ఇవ్వలేదు, కేకలిచ్చారు. ఓడించాలనుకున్నవాణ్ణి ముందే కుంటివాణ్ణి చేసి బరిలోకి దించితే అదేం గెలుపు? విశ్వనాథ్‌గారంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట అంటాను. ఆయన 2023లో పోయింది ఫిబ్రవరి 2న, ‘శంకరాభరణం’ విడుదలైన తేదీనే. ఆ రాత్రి మళ్ళీ పెట్టుకుని చూశాను, ఆ సీన్ దగ్గర మళ్ళీ విసుక్కున్నాను, చివర్లో మళ్ళీ ఏడ్చాను. మీ నాన్నగారిని ఆ సినిమా ఏ ఊళ్ళో, ఎవరితో చూశారో అడుగు. ఆయన ఏమీ అనకపోవడానికి కారణం అక్కడ ఉండొచ్చు.

ప్ర: కొత్త సినిమాల్లో మాటలు వినపడవు, ఫైట్ వస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. సినిమా అంతా రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ ఉండాల్సి వస్తోంది. చెవుల డాక్టరుకి చూపించుకున్నాను, చెవులు బాగానే ఉన్నాయన్నారు.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

జ: మీ చెవులకి ఖర్చు పెట్టిన డబ్బు దండగైంది సార్. తప్పు చెవులదీ కాదు, పూర్తిగా టీవీదీ కాదు. థియేటర్ కోసం శబ్దాన్ని చుట్టూ ఉండే చాలా స్పీకర్లకి పంచుతారు, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. మన పలచటి టీవీలకి చాలావాటికి ఉండేవి రెండే చిన్న స్పీకర్లు, అవీ వెనక్కో కిందకో తిరిగి గోడకి చెబుతుంటాయి. అన్నిటినీ ఆ రెండిట్లో కుక్కేసరికి మాట మునిగిపోతుంది, డప్పు తేలుతుంది. సినిమా నడుస్తుండగా ఆడియో ఎంపికలోకి వెళ్ళి 5.1 బదులు స్టీరియో అని ఉంటే అది పెట్టండి. టీవీ సౌండు సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించేది ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ‘వాయిస్’ అనో ‘స్పీచ్’ అనో ఉంటుంది. రాత్రి పూటకి ‘నైట్ మోడ్’ ఉంటే పక్కింటివాళ్ళతో సంబంధాలు బాగుపడతాయి.

సెట్టింగుల్లోకి ఎలాగూ వెళ్ళారు కాబట్టి కదలికల్ని నున్నగా చేసేది ఒకటుంటుంది, ‘మోషన్’ అనే మాటతో, దాన్ని ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. ఇక పాత సినిమాలకి రెండు పక్కలా వచ్చే నల్ల పట్టీలు లోపం కావు. అప్పటి బొమ్మ ఆకారమే అది, దాదాపు చదరంగా ఉంటుంది. తెరంతా నిండాలని జూమ్ నొక్కితే గుమ్మడి తలపాగా తెగిపోతుంది, సాగదీస్తే సన్నగా ఉండే రమణారెడ్డి లావెక్కుతాడు. మా చిన్నాన్న ఇంట్లో ఇలాగే ఏడాదిపాటు సాగిన సినిమాలు చూసి, పాతకాలంలో అందరూ బాగా తినేవాళ్ళని ఒక సిద్ధాంతం కూడా చేశాడు.

ప్ర: అమ్మమ్మతో కలిసి ‘గుండమ్మ కథ’ చూశాను. బాగా నవ్వుకున్నాం. కానీ జమున పాత్రని దార్లో పెట్టడానికి నాగేశ్వరరావు చేసే పనులు చూస్తే నాకు కోపం వచ్చింది. అమ్మమ్మేమో “పొగరు అణిగింది” అని సంతోషపడింది. ఎవరిది రైటు?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జ: ఇద్దరిదీ. నీకు కోపం రావడం బాగుంది. అబద్ధం చెప్పి పెళ్ళి చేసుకుని, ఆస్తి లేనివాడిలా నటించి, తోటలో కూలిపని చేయించి భార్యకి బుద్ధి చెప్పడం అనేది 1962లో చిలిపితనం, ఇప్పుడు అదే పని మా పక్క ఫ్లాటు కుర్రాడు చేస్తే నేనే పోలీసులకి ఫోన్ చేస్తాను. కానీ ఆ అమ్మాయి అక్కని, అంటే సావిత్రిని, ఇంట్లో పనిమనిషికన్నా కిందగా చూసిన సంగతి కూడా ఉంది కదా. మీ అమ్మమ్మ చూసింది దాన్ని. సవతి తల్లి ఇంట్లో చాకిరీ చేసిన ఆడపిల్లలు ఆ తరంలో ఎంతమందో. వాళ్ళకి జమున కష్టపడితే చూడ్డానికి బాగానే ఉంటుంది.

నన్నడిగితే ఆ సినిమాలో అన్నిటికన్నా విచిత్రం పేరు. ఎన్టీఆర్‌కి అది నూరో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది, పక్కన సావిత్రీ జమునా. ఇంతమంది ఉండగా సినిమాకి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. ఇప్పుడు యాభై దాటిన నటికి మూడు సీన్లు ఇస్తే గొప్ప, అందులో ఒకటి ఆసుపత్రి మంచం మీద. ఈసారి అమ్మమ్మతో చూసినప్పుడు సూర్యకాంతం ఎడమ చేతిని గమనించు. మాట కన్నా ముందు అదే తిడుతుంది.

ప్ర: మొన్న రాత్రి ఇంట్ల ‘బలగం’ మళ్ళ చూసినం. మా ఇద్దరు అన్నదమ్ములకు ఏడేండ్ల సంది మాటల్లేవు, పొలం గట్టు పంచాయితీ. వాళ్ళను ఒక్కకాడ కూసోబెట్టి ఈ సినిమా చూపెడ్తె కలుస్తరా?
– ఒక అక్క, కరీంనగర్ జిల్లా

జ: అక్కా, సినిమా మందు గోలీ కాదు, వేసుకున్న గంటకి పనిచెయ్యడానికి. 2023లో ఆ సినిమా వచ్చినప్పుడు పల్లెల్లో చావడి దగ్గర తెర కట్టి ఊరంతా కలిసి చూశారు, అది చూశాక మాట్లాడుకున్న అన్నదమ్ముల గురించి పేపర్లలో వచ్చింది, నిజమే. కానీ వాళ్ళని ఎవరూ పిలిచి “నీ కోసమే” అని ఎదురుగా కూర్చోబెట్టలేదు. మీరు అలా చేస్తే ఇద్దరూ బిగుసుకుపోతారు. సినిమా నడుస్తున్నంతసేపూ మీరు వాళ్ళ మొహాలే చూస్తుంటారు, వాళ్ళు గోడ చూస్తుంటారు.

ఆ సినిమా ఎందుకు పట్టేస్తుందో నాకు రెండోసారి ఇంట్లో చూసినప్పుడే అర్థమైంది. మొదటిసారి హాల్లో ఏడుపు మధ్యలో ఏమీ గమనించలేదు. తాత చనిపోయాడు, కాకి పిండం ముట్టడం లేదు, ఊరంతా మాటలంటోంది. ఇంటి అల్లుడికీ బావమరిదికీ ఇన్నేళ్ళ పగ ఎక్కడ మొదలైంది అంటే విందులో నల్లి బొక్క, అంటే మూలుగున్న ఎముక, కంచంలో పడలేదని. బయటివాళ్ళకి నవ్వొస్తుంది. తెలంగాణలో ఒక్క దావత్‌కి వెళ్ళినవాళ్ళకి నవ్వు రాదు, ఎందుకంటే అది బొక్క గురించి కాదు, వడ్డించేవాడు ఎవరి కంచం వైపు ముందు చూశాడన్న దాని గురించి. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్లవైపు మనిషి, ఆ ప్రాంతపు పల్లెల్లోనే తీశాడు, అందుకే మూడోరోజు, ఐదోరోజు, పదకొండోరోజు ఎవరు ఏ పని చేస్తారో, ఎవరు ఎక్కడ కూర్చుని అలుగుతారో అంత కచ్చితంగా ఉంది. చివర్లో కొమురవ్వ, మొగిలయ్య పాడుతుంటే ఏడవని మనిషిని నేనింకా చూడలేదు, మా వాచ్‌మన్‌తో సహా.

మీ పొలం గట్టు కూడా గట్టు గురించి కాకపోవచ్చు. దానికి ముందు ఏం జరిగిందో ఆడపిల్లగా మీకే తెలిసి ఉంటుంది. ఇద్దరిలో చిన్నాయన ఇంటికి ఒక్కరే వెళ్ళండి, సినిమా సంగతి ఎత్తకండి, బువ్వ పెట్టమనండి.

ప్ర: ‘అహ నా పెళ్ళంట’ ఇప్పుడు చూసినా నవ్వొస్తుందా?
– కిరాణా వ్యాపారి, తుని

జ: కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావుని చూసి నవ్వురాకపోతే ఉప్పూ కారం తగ్గించమని చెప్పిన డాక్టర్ని మార్చాలి. 2025 జులైలో ఆయన పోయిన రాత్రి మా అపార్ట్‌మెంటులో కనీసం మూడిళ్ళలోంచి ఆ సినిమా వినిపించింది. పోయిన మనిషి కోసం నవ్వుతూ కూర్చోవడం కాస్త వింతగానే ఉంది కానీ ఎవరూ టీవీ కట్టెయ్యలేదు. సినిమాలో ప్రేమకథ మాత్రం పాతబడింది. పిసినారితనం పాతబడలేదు. మీది కిరాణా కొట్టు కాబట్టి ఇంతకన్నా చెప్పను.

ప్ర: ‘ఖలేజా’ థియేటర్లో ఆడలేదంటారు. నేను టీవీలో చూసీ చూసీ డైలాగులన్నీ నోటికి వచ్చేశాయి. రీ-రిలీజ్‌కి డబ్బులు పెట్టి వెళ్తే ఇంట్లో తిట్టారు. అప్పటి జనానికి సినిమా అర్థం కాలేదా?
– బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

జ: అప్పటి జనంలో నేనూ ఉన్నాను తమ్ముడూ, కాస్త మర్యాదగా అడుగు. మహేష్‌బాబు సినిమా వచ్చి మూడేళ్ళయింది, దర్శకుడు త్రివిక్రమ్, అంతకుముందు వాళ్ళిద్దరి ‘అతడు’ ఇంకా మనసులో ఉంది. 2010 అక్టోబరులో మేం టికెట్టు కొనుక్కుని వెళ్ళింది ఇంకో ‘అతడు’ కోసం. తెర మీద చూస్తే టాక్సీ నడిపే హీరో, ఎడారి, అంతుపట్టని రోగమొచ్చిన ఊరు, దేవుడు, మధ్యమధ్యలో జోకులు. ఇది కామెడీయా, పురాణమా తేల్చుకునేలోపు ఇంటర్వెల్ అయింది. సమోసా తింటూ కూడా తేల్చుకోలేకపోయాం.

అదే సినిమా టీవీలో ముక్కలుముక్కలుగా వచ్చింది. ఆదివారం అన్నం తిని నడుం వాల్చినప్పుడు ఒక ఇరవై నిమిషాలు, ఇంకోసారి ఇంకో ఇరవై. కథ ఎటు పోతోందన్న బెంగ లేదు కాబట్టి ఆ మాటల్లో ఉన్న మెరుపు కనిపించింది. కాబట్టి మేం చూసిన సినిమా వేరు, నువ్వు చూసింది వేరు. నన్ను ఇప్పటికీ అడిగితే మొదటి సగం బంగారం, రెండో సగంలో విలన్ వచ్చినప్పుడల్లా నేను మంచినీళ్ళకి లేస్తాను. 2025 మే 30న మళ్ళీ విడుదలైనప్పుడు మా అన్నయ్య కొడుకు కూడా వెళ్ళాడు, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. సినిమా ఎలా ఉందిరా అంటే “వినపడలేదత్తా, అందరం మేమే చెప్పేశాం” అన్నాడు. ఇంట్లోవాళ్ళు తిట్టారని బాధపడకు. మీ నాన్నగారిని 1990 మే నెల గురించి అడుగు. తుపాను వానల్లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’కి గొడుగు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఆయన ఉంటే నీ కేసు కొట్టేస్తారు.

ప్ర: మా పిల్లలకి పదకొండు, ఎనిమిది. తెలుగు అర్థమవుతుంది, తిరిగి ఇంగ్లిష్‌లో జవాబిస్తారు. కొట్టుకోవడాలూ నరుక్కోవడాలూ లేని తెలుగు సినిమాలు చెప్పండి. శనివారం రాత్రి అందరం కలిసి చూడాలి.
– ఒక తల్లి, డల్లాస్

జ: ముందు ‘పుష్పక విమానం’ పెట్టండి. 1987 నాటి కమల్‌హాసన్ సినిమా, ఒక్క డైలాగు కూడా ఉండదు. తెలుగు నేర్పమంటే మాటల్లేని సినిమా చెబుతుందేంటని అనుకుంటున్నారు కదా. తెర మీదవాళ్ళు మాట్లాడకపోతే సోఫా మీదవాళ్ళు మాట్లాడతారు. “వాడెందుకలా చేశాడు?”, “ఆ పెట్టెలో ఏముంది?” అని పిల్లలు అడిగే ప్రతి ప్రశ్నకీ మీరు తెలుగులో జవాబు చెప్పండి, సబ్‌టైటిల్స్ కింద దాక్కునే వీలు ఎవరికీ ఉండదు.

రెండో వారం అదే దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’. కాలయంత్రం ఎక్కి 1526లో కృష్ణదేవరాయల దగ్గరకి, అక్కణ్ణుంచి 2504కి. 1991లో తీసిన భవిష్యత్తు చూసి మీ పెద్దవాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. రాయలవారి కొలువులో మాట్లాడే తెలుగుకీ మీ ఇంట్లో తెలుగుకీ తేడా ఏంటని వాడే అడుగుతాడు. దొంగల ముఠా గొడవ కొంచెం ఉంటుంది, చిన్నదానికి భయమైతే పక్కన కూర్చోండి.

ఇక ఈమధ్యవాటిలో ‘35 చిన్న కథ కాదు’. తిరుపతిలో ఒక చిన్నపిల్లవాడికి లెక్కలు రావు, ఎందుకంటే సున్నాకి విలువ లేదని చెప్పి, మళ్ళీ అదే సున్నా ఒకటి పక్కన చేరితే పదెలా అవుతుందని వాడి సందేహం. మేష్టారికి కోపం వస్తుంది కానీ జవాబు రాదు. ఆ సినిమా చూస్తుంటే నాకు భయం వేసింది, నన్నెవరైనా అడిగితే నేనేం చెబుతానని. నివేదా థామస్ పదో తరగతి దాటలేని తల్లిగా, కొడుకు కోసం మళ్ళీ లెక్కలు పట్టుకుంటుంది. మీ పిల్లలు ఆ ప్రశ్న మిమ్మల్ని అడుగుతారు, శనివారంలోపు జవాబు సిద్ధం చేసుకోండి.

ప్ర: థియేటర్‌కి వెళ్దామంటే మావాడు “నాలుగు వారాల్లో ఓటీటీకి వస్తుంది, ఆగు” అంటాడు. ఆగాక వచ్చినరోజున చూడడు. ఇలా ఆగినవి మా ఇంట్లో పన్నెండున్నాయి.
– టైలర్, హనుమకొండ

జ: మా ఇంట్లో పందొమ్మిది. మీరే నయం.

ప్ర: మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. పిల్లలు పెద్ద టీవీ కొనిపెట్టి వెళ్ళారు. రోజూ సాయంత్రం ఒక సినిమా చూస్తున్నాను. అలవాటుగా రెండు కప్పులు టీ పెట్టేస్తున్నాను. ‘మిథునం’ మొదలుపెట్టి సగంలో ఆపేశాను. పూర్తి చెయ్యాలా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, పాలకొల్లు

జ: బాబాయిగారూ, వద్దు. ఆపినచోటే ఉండనివ్వండి. నేను పూర్తిగా చూశాను కాబట్టే చెబుతున్నాను. శ్రీరమణగారి కథని 2012లో తనికెళ్ళ భరణి తీశారు, తెర మీద ఇద్దరే మనుషులు, బాలుగారూ లక్ష్మిగారూ. పెరడు, పాదులు, ఆవు, వంట, అలకలు. మీరు ఆపినచోటికి వాళ్ళింకా దెబ్బలాడుకుంటూనే ఉండి ఉంటారు. సగం చూసిన సినిమా అప్పేమీ కాదు, తీర్చి తీరాల్సిన పని లేదు. ఎప్పుడో మీకే అనిపిస్తే అప్పుడు చూడండి, అదీ పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు.

ఈలోగా ‘మిస్సమ్మ’ పెట్టండి. 1955 నాటిది, మీరు చాలాసార్లు చూసే ఉంటారు, అదే మంచిది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఒక ఇంట్లో చేరిన ఇద్దరు, ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి పడే తిప్పలు. అందరూ మంచివాళ్ళే, ఎవరికీ ఏమీ కాదు. సావిత్రి విసుక్కుంటుంటే ఎన్టీఆర్ ఏమనాలో తెలియక నిలబడిపోయే సీన్లలో నాకు మా నాన్న కనిపిస్తాడు, మీకు ఇంకెవరైనా కనిపించొచ్చు.

రెండో కప్పు సంగతి. మీ ఉత్తరం చివర్లో పైవాటాలో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడు అద్దెకి ఉంటున్నాడని రాశారు. సాయంత్రం ఆరింటికి అతనికి టీ కావాలి, మీకు తెలియకపోవచ్చు కానీ తప్పకుండా కావాలి. పిలవండి. సినిమా చూడమనకండి, టీ తాగమనండి. గుమ్మం దగ్గర నిలబడి పది నిమిషాలు చూసి “ఆయనెవరండీ?” అని రేలంగిని చూపించి అడిగితే మాత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పండి.

ప్ర: అందరికీ సలహాలిస్తున్నారు. ఈ నెల మీరు సగంలో వదిలేసిన సినిమా ఏది?
– పేరు రాయని పాఠకుడు

జ: పేరు చెప్పను, ఆ హీరో అభిమానులు మా వీధిలోనే ఉన్నారు. వదిలేసింది నేను కాదు, కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. ఇంట్లో నలుగురం ఉన్నాం, మళ్ళీ పెట్టమని ఒక్కరూ అనలేదు.